లిదియా కుట్టిన మోట

లిదియా పిడికిలి ఎద్దు తోలుకూ కండకూ నడుమ మోచేతి దాకా దిగి ఉంది. లోపల ఇంకా వెచ్చగానే ఉంది. పిడికిలి తిప్పుతూ ముందుకు తోస్తే తోలు చిరచిరమంటూ లేస్తోంది. పక్కన గొంతుకూర్చున్న పెద్దవ్వ, ఆమె తండ్రిని కన్నతల్లి, కత్తిని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. గదవ కింది నుంచి తోక దాకా గీసిన కోత ముసలమ్మదే, కాళ్ల లోపలివైపు కోతలూ ఆమెవే. అంతటితో కత్తి పని అయిపోయింది. పిడికిలితో వలిచిన తోలు నీళ్లు ఆపుతుందని, కత్తితో వలిచింది జల్లెడకు పనికొస్తుందని చెప్పి, పిల్ల అడిగినా మళ్లీ చేతికివ్వలేదు.

లిదియాకు పదమూడో ఏడు నడుస్తోంది. తల్లి లేదు. చచ్చిన గొడ్డును వలవడం చూసిందే గానీ తన చెయ్యి పెట్టడం అదే మొదలు. ఎద్దు కన్ను ఒకటి తెరిచే ఉంది. ఈగలు వాలి లేస్తున్నాయి. ఆ కన్ను వైపు చూడకుండా పని చేయాలని ఆమె అటు తిరిగి కూర్చుంటే, తోలు ఎటు లేస్తోందో చూసుకోవాలి గానీ సిగ్గుపడి కూర్చుంటే ఎట్లా అని పెద్దవ్వ మోకాలితో పొడిచింది.

ఆ ఎద్దు పొద్దున దాకా బతికే ఉంది. లింగంపేట దగ్గర వాళ్ల ఊళ్లో దొరకు పెద్దబాయి అని ఒక బావి ఉంది. దాని మీద మోట తోలేవాడు లస్మయ్య. మోట అంటే పది పన్నెండు బిందెల నీళ్లు పట్టే తోలు సంచి, అడుగున ఏనుగు తొండంలాగా పొడుగాటి గొట్టం. ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి దిగుతుంటే మోకు గిలక మీదుగా నడిచి మోట పైకి వస్తుంది. ఆ పొద్దున నిండు మోట పైకి వస్తుండగా తొండం దగ్గర పిగిలింది. కుట్టు ఊడలేదు, తోలే పిగిలింది. నీళ్లన్నీ ఒక్కసారి బావిలో పడ్డాయి. బరువు మీద ఒరిగి లాగుతున్న ఎద్దులకు బరువే లేకుండా పోయేసరికి రెండూ ముందుకు కూలాయి. మోకు మీద కూర్చున్న లస్మయ్య ఎగిరి గట్టురాళ్ల మీద పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. కుడివైపు ఎద్దు లేచింది. ఎడమవైపుదాని మెడ కాడి కింద మెలిపడింది. అది లేవలేదు.

ఆ మోట కుట్టినవాడు లిదియా తండ్రి యాకూబు. తోలు ఎందుకు పిగిలిందో మాదిగవాడలో చంటిపిల్లలకు కూడా తెలుసు. తంగేడు చెక్క, అంటే బెరడు, దంచి వేసిన నీళ్లలో తోలును ఊరబెట్టే పెద్ద గోళేన్ని లంద అంటారు. లందలో తోలు పండాలి. అంచు కోసి చూస్తే పైనుంచి కింది దాకా ఒకే ఎరుపు కనబడాలి. నడుమ తెల్లగీత కనబడిందంటే అది పచ్చితోలు, నీళ్లు తగిలిన కొన్నాళ్లకే కుళ్లుతుంది. ఆ తోలులో తెల్లగీత ఉండగానే దొర సొంత సేద్యం చూసే సేరిదారు సీతారాం వచ్చి బయటికి తీయమన్నాడు. ఇంకా పండలేదని యాకూబు చెప్పబోతే నడుము మీద తన్నాడు. దెబ్బకు భయపడి యాకూబు పచ్చితోలుకే ఆరె పెట్టాడు. ఆరె అంటే తోలుకు బెజ్జాలు పొడిచే మొన. తన చేతులతో తాను చేసిన తప్పుపని ఆ ఒక్కటే అని ఆయన తర్వాత చెప్పుకునేవాడు.

ఎద్దు చచ్చిందని తెలిసి యాకూబును దొర ఉండే గడికి పిలిపించారు. లిదియా వెంట వెళ్లింది, వాకిలి దాటి లోపలికి రానివ్వలేదు. వాకిట్లో నుంచే అంతా చూసింది. సీతారాం కేకలేమీ వేయలేదు. ఏ చేత్తో కుట్టినవని మామూలుగానే అడిగాడు. కుట్టు సంగతి అడుగుతున్నాడనుకొని, కుట్టు బాగానే ఉంది, పిగిలింది తోలు అని చెప్పుకోవచ్చుననుకొని యాకూబు కుడిచెయ్యి ముందుకు చాపాడు. ఆ చేతిని ఇద్దరు మనుషులు అరుగు రాయి మీద అదిమి పట్టారు. సీతారాం వడ్లు దంచే రోకలి ఎత్తి వేళ్ల మీద వేశాడు. మొదటి దెబ్బకు యాకూబు అరిచాడు. తర్వాతి దెబ్బలకు అరుపు రాలేదు.

"ఎద్దును సంపింది నువ్వు," అన్నాడు సీతారాం రోకలి పక్కన పెట్టి. "దాని తోలుతోనే మోట కుట్టి తేవాలె. యాసంగి నారు పోసేనాటికి మోట బాయి మీద ఉండాలె. లేదంటే నీ బిడ్డ గడిలకొస్తది."

గడి పనికి పోయిన ఆడపిల్ల మళ్లీ వాడకు రాదు. నీళ్లు మోసి, వడ్లు దంచి, తన్నులు తిని, దొర బిడ్డకు పెండ్లయితే ఇత్తడి బిందెలతో పాటు ఆమె వెంట అత్తవారింటికి పోతుంది. వాడలో హన్మవ్వ కూతురు అట్లాగే పోయింది. ఏ ఊరికి పోయిందో కూడా హన్మవ్వకు ఎవరూ చెప్పలేదు.

వాడలో తోలుపని తెలిసిన ఇండ్లు ఇంకో రెండున్నాయి. యాకూబు పనిలో ఎవరూ చెయ్యి పెట్టొద్దని సీతారాం వాళ్లకు ముందే కబురు పంపాడు.

అందుకని ఎద్దు పక్కన పిల్ల కూర్చుంది, ముసలిది కూర్చుంది. యాకూబు వేళ్లకు పసుపు, సున్నం పట్టించి వెదురుబద్దలు కట్టుకొని గుడిసె గోడకు ఆనుకొని ఉన్నాడు. తోలు మెడ దగ్గరికి వచ్చేసరికి ఆయన అక్కడి నుంచే ఒక మాట చెప్పాడు. కాడి ఆనిన చోట కాయ కట్టి ఉంటుంది, అది చూడ్డానికి మందంగా ఉంటుంది గానీ వంచితే పగులుతుంది, మోటలోకి రానివ్వొద్దు అని. లిదియా వేలితో తడిమి చూసింది. నిజమే, ఆ చోటు పలక లాగా గట్టిగా ఉంది.

జర్మనీ యుద్ధం మొదలైందని కామారెడ్డి స్టేషన్‌లో చెప్పుకుంటున్న ఏడు అది. ఆ కబురు వాడకు కూడా వచ్చింది గానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

తోలును సున్నపు గోళెంలో వేశారు. వెంట్రుక వదిలాక బండ మీద పరిచి గీకారు. సున్నం లిదియా గోళ్ల సందుల్లోకి దిగి నెత్తురు వచ్చింది. తర్వాత లంద. లందకు తంగేడు చెక్క కావాలి, ఒకసారి వేస్తే సరిపోదు. నీళ్లు చప్పబడగానే కొత్త చెక్క దంచి వేయాలి. ఊరి చుట్టూ ఉన్న తంగేడంతా పచ్చితోలు మోటకే అయిపోయింది. లిదియా పోచారం వైపు గుట్టల మీదికి పోయింది.

అక్కడ లంబాడీ తండా పిల్ల మంగ్లి ఎదురైంది. ఇంచుమించు ఒకటే ఈడు. మోపు కట్టెలు కొట్టుకొని వస్తూ, తంగేడు చెట్టు చెక్క ఒలుస్తున్న లిదియాను చూసి మోపు కింద పడేసింది.

"ఈ గుట్ట మాది. మా యాడి ఈడ కట్టెలు కొడ్తది."

"గుట్టను మీ అమ్మ తెచ్చి పెట్టిందా?"

ఆ మాటకు మంగ్లి లిదియా మీద పడింది. ఇద్దరూ జుట్టు జుట్టు పట్టుకొని రాళ్లలో దొర్లారు. మంగ్లి చేతి గాజులు లిదియా బుగ్గ మీద గీతలు పెట్టాయి. లిదియా మంగ్లి భుజం కొరికింది. దొర్లి దొర్లి ముళ్లచెట్టు తగిలితే గానీ ఇద్దరూ ఆగలేదు. మంగ్లి ముక్కు మూసుకొని, నీ చేతులు ఏం కంపు కొడుతున్నయే అంది. చచ్చిన ఎద్దు కంపు, నీ జుట్టుకు గూడ అంటింది చూస్కో అంది లిదియా. మంగ్లి జుట్టు వాసన చూసుకొని, ఏడవబోయి, నవ్వింది. ఆ తర్వాత సంగతంతా అడిగి తెలుసుకుంది. గడి అంటే ఏమిటో తండా పిల్లకు చెప్పనక్కరలేదు. వాళ్ల చిన్నాయన ఒకడు మేకల సంగతి మీద గడికి పోయి నడుము వంగిపోయి తిరిగి వచ్చాడు. కట్టెలు మాకు, చెక్క మీకు అని మంగ్లియే పంచింది. అప్పటి నుంచి చెట్టు ఒకరు నరికితే చెక్క ఒకరు ఒలిచేవారు.

ఒక పొద్దున ఇద్దరూ అట్లా ఒలుస్తుండగా లిదియా పిక్క మీద నెత్తురు కనబడింది. కత్తి తగిలిందనుకొని ఎక్కడ కోసుకుందో వెతుక్కుంది. కాలంతా తడిమినా గాటు దొరకలేదు. మంగ్లి చేతిలో చెక్క కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

"ఏం కోసుకోలే నువ్వు. పెద్దదానివైనవ్."

లిదియా రాయి మీద కూలబడింది. తల్లి ఉంటే ముందే చెప్పి ఉండేది. మంగ్లి తన ఓణీ అంచు చింపి ఎట్లా కట్టుకోవాలో చూపింది. తనకైతే వాళ్ల యాడి బెల్లపు బువ్వ పెట్టిందని, సగం తమ్ముళ్లే తిన్నారని, నీకు తమ్ముళ్లు లేరు గనుక మొత్తం నీకే అని చెప్పింది. చెక్క మోపు తనే నెత్తిన పెట్టుకొని వాడ అంచు దాకా వచ్చింది.

ఇంట్లో మాత్రం ఆ కబురు పిడుగులాగే పడింది. యాకూబుకు అసలు పేరు ఎల్లయ్య. కొన్నేండ్ల కిందట ఎల్లారెడ్డి నుంచి వచ్చే పాస్టరయ్య దగ్గర బాప్తిస్మం తీసుకొని యాకూబయ్యాడు, బిడ్డకు లిదియా అని పెట్టాడు. పెద్దవ్వ తీసుకోలేదు, ఆమె మైసమ్మను విడవలేదు. వీటిలో మైల లేదు, దేవుడు అట్లాంటివి చూడడు అని పాస్టరయ్య ఎన్నిసార్లో చెప్పాడు. యాకూబు తల ఊపేవాడు. అయినా బిడ్డ పెద్దమనిషైందని వినగానే ఆయన అన్న మొదటి మాట, లంద దగ్గరికి రావొద్దని. మైల తగిలితే లంద విరుగుతుందని, తోలు పిగులుతుందని ఆయన తండ్రి చెప్పాడు, ఆయన తండ్రికి ఇంకెవరో చెప్పారు. ఒకసారి పిగిలిన మోటకు ఏమైందో చేతికి కట్టుకొని ఉన్నాడు.

కానీ లందలో తోలును పొద్దున సాయంత్రం తిరగెయ్యాలి. తిరగెయ్యకపోతే చెక్క అడుగుకు దిగి, మడతల్లో తోలు పచ్చిగానే ఉండిపోతుంది. నీళ్లు తాగిన ఎద్దుతోలును ఎత్తాలంటే ముసలిదాని నడుముకు కాదు, విరిగిన చేతికి కాదు. లిదియా మూలన కూర్చుంటే తోలు పండదు. తోలు పండకపోతే లిదియా గడికి పోతుంది.

"లంద ఎన్ని నెత్తుర్లు తాగిందిరా ఎల్లిగా," అంది పెద్దవ్వ. "బర్రె నెత్తురు తాగింది, ఎద్దు నెత్తురు తాగింది. నీ బిడ్డదే ఎక్కువైందా దానికి?"

"నా పేరు యాకూబు."

"పేరు మార్చినవ్. భయం మార్చలే."

యాకూబు లంద పక్కనే కూలబడ్డాడు. పెద్దవ్వ పిల్ల తల మీద చెంబెడు నీళ్లు పోసి, నోట్లో బెల్లం ముక్క పెట్టి, ఇంక దిగు అంది. లిదియా బెల్లం చప్పరిస్తూ లందలో దిగింది. తొడల దాకా ఎర్రనీళ్లు, అడుగున జారే చెక్క. తోలు కొస పట్టి లాగి తిప్పింది. తనకేమవుతుందోనని కాసేపు భయపడింది. నడుము నొప్పి తప్ప ఏమీ కాలేదు.

సరిగ్గా అప్పుడే సీతారాం వచ్చాడు. చేతిలో చర్నకోల ఉంది. దొర నారుమడి గురించి అడుగుతున్నాడని, తోలు చాలా రోజుల నుంచి నానుతోందని, ఇక చాలు, తీసి కుట్టడం మొదలు పెట్టండి అన్నాడు. పోయినసారి ఏ మాట అన్నాడో అదే మాట. యాకూబు లేచి ఎడమచెయ్యి లందలోకి చాపాడు. లిదియా ఆ చేతిని పక్కకు నెట్టింది.

"పండలే," అంది. "నడుమ పచ్చిగుంది."

చర్నకోల ఆమె భుజాల మీద పడింది. రవిక చిరిగి చర్మం లేచింది. తోలు వదల్లేదు. మళ్లీ పడింది, ఈసారి మెడ మీద. ఆమె తోలు అంచును రెండు పిడికిళ్లలో చుట్టుకొని నీళ్లలోకి ఇంకా వంగింది. దెబ్బ పడ్డ చోటు నుంచి నెత్తురు కారి లందలోకే పోయింది. సీతారాం చర్నకోల కర్రను తోలు మడతలో గుచ్చి పైకి లేపబోయాడు. అప్పుడు పెద్దవ్వ గోళెం పక్కకు వచ్చి, వంగి దండం పెట్టినట్టే పెట్టి, మెల్లగా చెప్పింది.

"అయ్యా, జర సూస్కోండ్రి. పిల్ల ఇయ్యాల్నే పెద్దమనిషైంది. గా లందల్నే నిలబడ్డది."

సీతారాం కర్రను వదిలేసి వెనక్కు దూకాడు. మామూలు రోజుల్లోనే లందనీళ్లు అంటితే తలస్నానం చేయనిదే ఇంట్లో అడుగుపెట్టే మనిషి కాదు. మగవాని ముందు ఆ మాట అన్నందుకు లిదియాకు ఒళ్లంతా చచ్చిపోయినట్టయింది. అంతలోనే ఆయన మొహంలో భయం చూసింది. తనను చూసి ఎవరైనా భయపడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంకేమీ ఆలోచించకుండా రెండు అరచేతులూ ఎత్తి నీళ్ల మీద కొట్టింది. ఎర్రనీళ్లు లేచి ఆయన ధోవతి మీద, పొట్ట మీద, మీసాల మీద పడ్డాయి.

ఆ తర్వాత కొద్దిసేపు అక్కడ ఎవరికీ మనిషి తీరు లేకుండా పోయింది. లంద దగ్గరికి రాలేక సీతారాం చేతికి దొరికిన వాళ్లను కొట్టాడు. కట్టె తీసుకొని యాకూబును నేల మీద పడేసి కట్టు కట్టిన చేతి మీదే కొట్టాడు. అడ్డం వచ్చిన పెద్దవ్వను తన్నితే ఆమె పండ్లు రెండు ఊడి మట్టిలో పడ్డాయి. గుడిసె ముందున్న కుండలు పగలగొట్టాడు. లిదియా లందలోంచి బయటికి రాబోతే పెద్దవ్వ నెత్తురు నోటితోనే, దిగు, అందులోనే ఉండు అని అరిచింది. లిదియా అందులోనే ఉండింది. అదే అన్నిటికన్నా కష్టమైన పని అని ఆమె పెద్దదైనాక కూడా అనేది. దెబ్బలు తినడం కాదు, దెబ్బలు తింటున్నవాళ్లను చూస్తూ తోలు పట్టుకొని నిలబడటం.

చెయ్యి అలిసిపోయాక, నారు పోసేనాడు చూస్తానని చెప్పి సీతారాం పోయాడు. నీళ్లు అంటిన సంగతి బయటపెడితే ముందు తానే ఇంటి బయట నిలబడాలి. మీసాలు తుడుచుకొని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, స్నానం చేయకుండానే నేరుగా గడిలోకి పోయాడని వాడ మనుషులు చూసి వచ్చి చెప్పారు. దాంతో ఆ మైల మాట ఆయన నోట మళ్లీ రాదని పెద్దవ్వకు ధైర్యం వచ్చింది. పండ్లు పోయిన చోట ఉప్పు అదుముకుంటూ, రెండు పండ్లకు లంద దక్కింది, తక్కువకే వచ్చింది అని నవ్వింది.

తోలు పండింది. అంచు కోసి చూస్తే ఒకటే ఎరుపు. యాకూబు ఆ ముక్కను ఎండలోకి పట్టి, కొరికి, నమిలి, ఉమ్మేసి, తల ఊపాడు.

కుట్టుడు మొదలైంది. ఆ ఇంట్లో ఆడపిల్ల చెక్క దంచవచ్చు, తోలు గీకవచ్చు, ఆరె మాత్రం పట్టదు. ఆరె పడితే పని వేరే ఇంటికి పోతుందని ఒక మాట ఉండేది. ఆ మాట ఇప్పుడు ఎవరూ ఎత్తలేదు. వీపు తోలు మోట అడుగుకు, పక్కల తోలు పైకి, కాడి కాయ కట్టిన ముక్క బయటికి. కోతలు యాకూబు బొగ్గుతో ఎడమచేత్తో గీస్తే, లిదియా తోలు కోసే రంపెతో కోసింది. ఒకే బెజ్జంలో రెండు తోలువార్లు ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులతో రెండువైపులా గుంజాలి. తోలువారు మందం కంటే బెజ్జం సన్నగా ఉండాలి, లేకపోతే నీళ్లు దారి వెతుక్కుంటాయి. సన్నబెజ్జంలోంచి వారు గుంజాలంటే చేతుల్లో బలం కావాలి. లిదియా గుంజిన కుట్టు వదులుగా వచ్చేది. యాకూబు వేలితో నొక్కి చూసి, ఎడమచేత్తో చెంప మీద కొట్టి, విప్పు అనేవాడు. ఆమె విప్పేది. మళ్లీ కుట్టేది. మళ్లీ చెంప మీద పడేది. తన వేళ్లు తనకు లేకపోవడం మీది కోపమంతా ఆయన పిల్ల మొహం మీద తీర్చుకుంటున్నాడని పెద్దవ్వకు తెలుసు. ఆమె ఒకటి రెండుసార్లు అడ్డం వెళ్లింది గానీ ఆయన వినలేదు.

ఒక మధ్యాహ్నం తొండం కుట్టు సగం దాకా వచ్చింది. యాకూబు నొక్కి చూసి మళ్లీ చెయ్యి ఎత్తాడు. లిదియా లేచి నిలబడింది. చేతిలో ఆరె ఉంది. మొన తండ్రి కంటికి ఎదురుగా ఉంది. తాను ఎప్పుడు లేచిందో, ఆరెను ఎప్పుడు అట్లా పట్టుకుందో ఆమెకు తెలియలేదు. యాకూబు ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకు ఆ క్షణాన గడి అరుగు రాయి గుర్తుకొచ్చి ఉంటుంది. చెయ్యి దించాడు.

"కొట్టకుంట చెప్పు బాపు," అంది లిదియా. "నేను విప్పుతనే ఉన్న గద."

తర్వాతి ఏండ్లలో ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, కామారెడ్డి అంగట్లో చెప్పులు కుట్టే వాళ్లలో ఇద్దరు ఆమె మనవలే. వాళ్లంతా ఒక మాట చెబుతారు. పని నేర్పేటప్పుడు లిదియా ముసలమ్మ నోరు కత్తి లాగా ఉండేది, చెయ్యి మాత్రం ఎప్పుడూ లేవలేదు అని.

యాకూబు ఆ పూట బయటికి పోయి, ఆముదం గురిగి, మైనపు ముద్ద తెచ్చుకొని కూర్చున్నాడు. చిట్లిపోయిన ఆమె వేళ్లను ఒళ్లో పెట్టుకొని ఒక్కొక్కదానికి ఆముదం రాశాడు. వార్లకు మైనం పట్టించి ఇచ్చాడు. గుంజేటప్పుడు మోచేతులతో కాదు, వెనక్కు ఒరిగి వీపుతో గుంజమని చెప్పాడు. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదో ఆయనకే తెలియదు. బహుశా వీపుతో గుంజుతున్నానని ఆయన ఎప్పుడూ గమనించుకోలేదేమో. అట్లా గుంజితే కుట్టు బిగిసింది. పాత మోట ఇనుప కమ్మి విప్పి కొత్తదాని మూతికి కుట్టారు. వంటకని దాచిన పట్టెడు కొవ్వు కరిగించి లోపలా బయటా పట్టించారు.

నారు పోసేనాడు పెద్దబాయి దగ్గర జనం ఉన్నారు. సీతారాం దూరంగా గొడుగు కింద కూర్చున్నాడు. గడి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆయన వెనక నిలబడ్డారు. మోట పిగిలితే పిల్లను వెంట తీసుకుపోవడానికి వచ్చారు వాళ్లు. ఒకామె చేతిలో తాడు ఉంది. ఆమె లిదియా వైపు చూడలేక తాడునే చూస్తోంది.

లస్మయ్య పక్కటెముకలకు గుడ్డ బిగించి కట్టుకొని వచ్చాడు. మోకుకు వేలాడుతున్న మోట తొండం మీద నీళ్లు చల్లి, బొటనవేళ్లతో నొక్కి నొక్కి చూశాడు.

"ఎవలు కుట్టిండ్రు?"

"నా బిడ్డ," అన్నాడు యాకూబు.

"నువ్వు కుట్టినదానికి ఎముకలు పోయినయి. నీ బిడ్డ కుట్టినదానికి పాణం పోతదేమో," అన్నాడు లస్మయ్య. నవ్వబోయి పక్క పట్టుకొని ఆగిపోయాడు.

ఆ వైపు ఊళ్లలో కొత్త మోటకు ఒక కట్టుబాటు ఉంది. మొదటి గుంజుడు అయ్యేదాకా మోట కుట్టినవానిదే, బావివాళ్లది కాదు. ఆ మొదటి గుంజుడుకు కుట్టినవాడు ఏటవాలు దారి కింది కొసన ఎద్దులకు ఎదురుగా నిలబడాలి. తోలు పిగిలితే ఎద్దులు వాని మీదనే పడతాయి. పోయినసారి సీతారాం తొందరలో ఆ కట్టుబాటుకు కూడా ఆగలేదు. ఇప్పుడు యాకూబు దారి కిందికి నడవబోయాడు. లస్మయ్య ముల్లుకర్ర అడ్డం పెట్టాడు. కుట్టినోళ్లే నిలబడాలె అన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు. పని పద్ధతి అది.

లిదియా వెళ్లి నిలబడింది. మోట బావిలోకి దిగిన చప్పుడు వినిపించింది. నిండిన చప్పుడు వినిపించింది. లస్మయ్య మోకు మీద కూర్చొని అదిలించాడు. ఎద్దులు మెడలు వంచి దిగసాగాయి. ఎడమవైపు కొత్త ఎద్దు, పనికి అలవాటు లేదు, కండ్లు ఎర్రబడి నోటి వెంట నురగ వస్తోంది. గిలక కీచుమంది. మోకు వీణతీగ లాగా బిగిసింది. ఒక్కొక్క అడుగు దగ్గరికి వస్తుంటే లిదియాకు తన కుట్టంతా, మొదటి బెజ్జం నుంచి చివరి ముడి దాకా, కండ్ల ముందు కనిపించింది. ఎక్కడ వదులుందో వెతికింది. దొరకలేదు. ఎద్దుల ఊపిరి మొహానికి తగిలింది. నురగ చెంప మీద పడింది. కాళ్లు వెనక్కు పోదామన్నాయి, ఆమె పోనివ్వలేదు. కాడి ఆమె రొమ్ముకు జానెడు దూరంలో ఆగింది.

పైన నీళ్లు తొండంలోంచి తొట్టిలోకి దూకిన చప్పుడైంది. కాలువలో నీళ్లు పారాయి. మోట మూతి నుంచి తొండం దాకా ఎక్కడా చుక్క కారలేదు.

సీతారాం గొడుగు ముడిచి లేచి పోయాడు. గడి ఆడవాళ్లు ఆయన వెనక నడిచారు. తాడున్నామె ఒకసారి తిరిగి చూసింది. పెద్దవ్వ మన్ను తీసి వాళ్లు పోయిన వైపు చల్లింది. యాకూబు తొట్టి పక్కన కూలబడి, మంచి చేతిలో మొహం పెట్టుకొని ఏడ్చాడు.

ఇక మోట విప్పి అప్పజెప్పాలి. మాదిగవాళ్లు ఏ వస్తువునైనా నేల మీద పెట్టి వెనక్కు జరగాలి, తీసుకునేవాడు నీళ్లు చల్లి ఎత్తుకోవాలి. లిదియా గట్టు ఎక్కి, తడిసిన మోటను విప్పి భుజాన వేసుకొని వచ్చింది. లస్మయ్య ముందు నేల మీద పెట్టి వెనక్కు జరిగింది. లస్మయ్య వంగబోయి పండ్లు కరిచాడు. పక్క పట్టుకొని మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. ఎత్తిచ్చే మనిషి దగ్గర్లో లేడు.

"వంగస్తలేదు బిడ్డా," అన్నాడు. "చేతికియ్యి."

లిదియా మోటను నేల మీద నుంచి ఎత్తి, నీళ్లు కారుతుండగానే ఆయన రెండు చేతుల్లో పెట్టింది.